ఆంగ్లమునందలి చుక్కలు, మచ్చలు

ఒక జాతివారు లోకమును ఎట్లు చూచిరో తెలిసికొనగోరువారు వారి పెద్దమాటలను గాక చిన్నమాటలను పరిశీలింపవలెను. ధర్మము, రాజ్యము, స్వాతంత్ర్యము మొదలగు పెద్దమాటలను పండితులు పొరుగు భాషలనుండి తెచ్చియైనను నిలుపుదురు. చుక్క, మచ్చ, పొడ, మరక అను మాటలట్టివి కావు. అవి వంటయింటను, గొడ్లసావడిలోను, రోగి మంచముకడను, బట్టలయంగడిలోను పుట్టినవి. వానిని పుట్టించినవారు పండితులు కారు. పాలు పితికిన స్త్రీలు, గొఱ్ఱెలను లెక్కపెట్టిన కాపరులు, బిడ్డ మేనిమీది పొక్కులను దీపపు వెలుతురున చూచి బెదరిన తల్లులు. కనుక అట్టి మాటలలో ఆ జాతియొక్క ప్రీతియు, భయమును, ఒక్కొక్కప్పుడు నిర్దయయు కూడ దాగియుండును.

ఆంగ్లభాషలో ఈ తెగకు చెందిన వాడుకమాటలు చాల కలవు. స్పాట్, డాట్, స్పెక్, స్పెకిల్, ఫ్లెక్, ఫ్రెకిల్, మోల్, బ్లాట్, బ్లాచ్, డాపిల్, మాటిల్, పైడ్, బ్రిండిల్, పాక్ – ఇవన్నియు సామాన్యుల నోట నానినవే. మన పాఠశాలలలో వీనిలో ఏది ఎదురైనను పిల్లలు ప్రక్కన ‘మచ్చ’ అని వ్రాసికొని ముందునకు సాగుదురు. కాని వీని చరిత్రను వరుసగా చూచినచో ఒక విచిత్రము బయటపడును. పక్షి రెక్కమీదను, గుఱ్ఱపు వీపుమీదను, చీరచెరగుమీదను అందమని మెచ్చుకొన్న గుర్తునే మనుష్యుని ముఖముపై చూచినప్పుడు ఆంగ్లేయులు దోషమనిరి. ఈ భేదము ఎట్లు కలిగెను? దానిలో న్యాయమెంత? అది మన గృహములకు ఎట్లు సంబంధించును? ఈ మూడు ప్రశ్నలను ఇచ్చట విచారింపదలచితిమి.

మొదట మిక్కిలి చిన్నదగు డాట్ అను మాటను చూతము. ప్రాచీనాంగ్లమున దీనికి కురుపుయొక్క తల అని అర్థము. ఆ కాలపు వ్రాతలలో అది ఒక్కమారే కనబడి, పిమ్మట కొన్ని శతాబ్దులు గ్రంథములకు దూరమై, 16వ శతాబ్దిలో ముద్ద, గడ్డ అను అర్థమున మరల పైకి వచ్చెను. 17వ శతాబ్ది నడుమకు కలముతో పెట్టిన చుక్క అను అర్థము స్థిరపడెను. 19వ శతాబ్దిలో మోర్సు తంతిలిపి డాటులు, డాషులతో ఏర్పడెను. నేడు అంతర్జాలపు చిరునామాలలో డాట్ పలుకక పని జరుగదు. దినమునకు పదిమారులు ఆ మాట నుచ్చరించు బాలుడు తాను ఒక కురుపు పేరు పలుకుచున్నానని ఎరుగడు. రోగముపేరు ఇట్లు కడుగబడి శుభ్రమైన గుర్తుగా మారుట సాధ్యమేయని ఈ మాట మనకు చెప్పుచున్నది.

స్పాట్ అను మాట నడిచిన త్రోవ వేరు. సుమారు 1200 ప్రాంతమున అది వ్రాతలలో కనబడునప్పటికే పాపము, నీతికళంకము అను అర్థము దానికి కలదు. మేనిమీదను బట్టమీదను పడిన మరక అను అర్థము ఆ శతాబ్దిలోనే కానవచ్చును. 1300 ప్రాంతమున చిన్న స్థలము అను అర్థము తోడయ్యెను. మన పరీక్షాపత్రములను ఒకచోట చేర్చి దిద్దు పద్ధతికి ‘స్పాట్ వాల్యుయేషన్’ అని పేరు పెట్టినది ఈ మూడవ అర్థమునుబట్టియే. కాని ఆంగ్లేయుల మనస్సులో మొదటి అర్థము ఎన్నడును చావలేదు. సుమారు 1606లో షేక్‌స్పియరు రచించిన ‘మాక్బెత్’ నాటకమున రాజహత్యకు పురికొల్పిన స్త్రీ నిద్రలో నడచుచు, లేని రక్తపుమరకను చేతినుండి తుడిచికొన యత్నించును. ఆ మరకకు కవి వాడిన మాట స్పాటే. అది చేతిమీద లేదు, అంతరాత్మపై కలదు. ‘స్పాట్‌లెస్’ అనగా మన మచ్చలేనివాడు అను పలుకుబడివలెనే శీలవంతుడని అర్థము. లాటినున మచ్చకు ‘మాక్యులా’ అని పేరు. ‘ఇమ్మాక్యులేట్’ అను గంభీరమగు మాట దానినుండి వచ్చినది. అర్థము అదియే.

ఈ మాటలు మేనినుండి బట్టకును, బట్టనుండి మేనికిని రాకపోకలు చేయుచుండెను. పుట్టుమచ్చకు చెప్పు ‘మోల్’ అను మాట ప్రాచీనాంగ్లమున ముఖ్యముగా బట్టమీది మరకకు చెల్లెను; తరువాతనే అది చర్మమునకు ఎక్కెను. ఎండ తగిలిన తెల్లని ముఖములపై పొడసూపు చిన్న గోధుమరంగు చుక్కలకు ‘ఫ్రెకిల్’ అని పేరు. ఆ మాట ఉత్తరపు సముద్రములను దాటి వచ్చి ఇంగ్లండులో కాపురముండిన స్కాండినేవియనులది. వైద్యులు అట్టి మచ్చకు ‘లెంటిగో’ అందురు. అది లాటినున పప్పుగింజ పేరునుండి పుట్టినది. మన సంస్కృతమున పుట్టుమచ్చకు తిలము, తిలకాలకము అని పేరులు కలవు, తిలమనగా నువ్వుగింజ. పడమటివారికి మచ్చను చూడగా పప్పు జ్ఞప్తికి వచ్చెను, మనవారికి నువ్వు జ్ఞప్తికి వచ్చెను. ఇరువురకును పోలిక దొరకినది వంటయింటనే. ఇంత సామాన్యమగు చూపులో నిందకు తావు లేదు.

గొడ్లసావడి మాటలలో ఈ నింద అసలే లేదు. మాగ్‌పై అనునది కాకిజాతికి చెందిన నలుపు తెలుపుల పక్షి. పూర్వము దానిని ‘పై’ అని మాత్రమే పిలుచుచుండిరి. దానివలె రెండు రంగులు గలది ‘పైడ్’. మధ్యయుగమున ఇంగ్లండులో నలుపు తెలుపుల వస్త్రములు ధరించిన క్రైస్తవ భిక్షువులకు ఆ పేరు పెట్టిరి. 1842లో ప్రకటితమైన బ్రౌనింగు కావ్యములో హామెలిన్ పట్టణపు ఎలుకలను పారద్రోలిన మురళీవాదకుడు పైడ్ అనబడుటకు అతని అంగీ సగము పసుపుపచ్చగను, సగము ఎఱ్ఱగను ఉండుటయే కారణము. తెలుపు నలుపుల గుఱ్ఱము ‘పైబాల్డ్’. ఇందులోని బాల్డ్ అను మాటకు నేడు బట్టతల అని అర్థము చెప్పుదుము గాని, పశువుల విషయమున అది ముఖముపై తెల్లమచ్చ గలదని తెలుపును. అమెరికాలోని బాల్డ్ ఈగిల్ అను గ్రద్దకు బట్టతల లేదు, తెల్లని తల మాత్రమే కలదు. మన పల్లెలలో తెల్లపొడలుగల ఆవును బొల్లి ఆవు అని పిలుతురు గదా! ఆ పిలుపులో ప్రేమయే గాని రోత లేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో ముందు మాకు పని కలదు.

బూడిదరంగు గుఱ్ఱముపై గుండ్రని నీడలవలె తోచు మచ్చలను ‘డాపిల్’ అందురు. 14వ శతాబ్ది కవియగు చాసరు ఇట్టి గుఱ్ఱమునకు ఫ్రెంచివారి ఆపిలుపండు పేరునుండి వచ్చిన విశేషణమును వాడెను. జర్మనులు కూడ ఆ రంగును ఆపిలుబూడిద అనియే చెప్పుదురు. ‘బ్రిండిల్’ అనగా గోధుమరంగుపై నల్లని చారలుగల ఆవుగాని కుక్కగాని. కాలినది అను అర్థముగల పాతమాట దానికి మూలము. విదూషకుని రంగురంగుల అంగీకి ‘మాట్లీ’ అని పేరు. దానినుండి ‘మాటిల్’ అనునది తరువాత పుట్టెను. 1611లో వెలువడిన బైబిలు ఆంగ్లానువాదమున యాకోబు కథ కలదు. మామ మందలో చుక్కలును పొడలును గల గొఱ్ఱెలను మేకలను తనకు జీతముగా అడిగి ఆతడు ధనవంతుడయ్యెను. ఆ యొక్క అధ్యాయముననే మచ్చలకును చారలకును పలువిధముల మాటలు వాడవలసివచ్చెను. కాపరికి మచ్చ అనగా కళంకము కాదు, తన పశువును పదింటిలో గుర్తుపట్టు ఆనవాలు.

ఈ పల్లెమాటలకు కవిత్వమున పట్టాభిషేకము చేసినవాడు జెరార్డు మాన్లీ హాప్కిన్సు. ఆయన జెసూటు సన్న్యాసి. ‘పైడ్ బ్యూటీ’ అను చిన్న కవితను 1877లో రచించెను. 1889లో ఆయన మరణించిన పిమ్మట చాల కాలమునకు, 1918లో, అది అచ్చయ్యెను. ఆకాశము, ఆవు, చేప, పిచ్చుకరెక్క, దున్నిన పొలము – వీనియందలి మచ్చలను చూచి ఆ కవి దైవమును స్తుతించెను. అంతవరకు మచ్చలేనిదానినే పవిత్రమని చెప్పుచువచ్చిన మతభాషలో, మచ్చగలదానికై దైవస్తోత్రము చేయుట సామాన్యవిషయము కాదు.

ఇట్లు పశువులయందు ప్రియమైనది మనుష్యునియందు అప్రియమగుటకు ముఖ్యకారణము మశూచి యని మా అభిప్రాయము. ‘పాక్’ అనగా ప్రాచీనాంగ్లమున పొక్కు. దాని బహువచనమును వ్రాయుటలో అక్షరములు మారి ‘పాక్స్’ అయినది. 15వ శతాబ్ది కడపట యూరపున వ్యాపించిన సుఖరోగమునకు పెద్దపాక్స్ అని పేరు వచ్చుటచే, మశూచి ‘స్మాల్‌పాక్స్’, అనగా చిన్నపాక్స్, అయ్యెను. ఆ సుఖరోగమునే మన భావప్రకాశకారుడు ఫిరంగులవలన వచ్చినదని ఫిరంగరోగమనెను. మనవారును మశూచిని పెద్దమ్మవారనియు, అంత ప్రాణాంతకము కానిదానిని చిన్నమ్మవారనియు విభజించిరి. ఇరుజాతులును పెద్ద చిన్న అను కొలతలను రోగములకు తగిలించినవి గాని, ఆంగ్లేయులు చిన్నదన్నది మనకు పెద్దదైనది. తట్టునకు చెప్పు ‘మీజిల్స్’ అను మాటకు కూడ మచ్చ అను అర్థముగల పాత డచ్చిమాటయే బంధువు. మశూచికి వైద్యులు పెట్టిన ‘వేరియోలా’ అను పేరునకు మచ్చలమచ్చలది అను అర్థముగల లాటినుమాట మూలమందురు. ఆ మాటనుండియే ‘వేరియస్’, ‘వెరైటీ’ అను మంచిమాటలు పుట్టినవి. ఒకే మూలము ఒకచోట వైవిధ్యమై, ఒకచోట మృత్యువైనది.

ఆ రోగము రాణులను సైతము విడువలేదు. 1562 అక్టోబరులో మొదటి ఎలిజబెత్తు రాణికి మశూచి సోకి ప్రాణముమీదికి వచ్చెను. ఆమెకు ఉపచారములు చేసిన మేరీ సిడ్నీ అను కులీన స్త్రీకి రోగమంటుకొని, ఆమె ముఖము శాశ్వతముగా వికారమయ్యెను. ఇతరుల ప్రాణము నిలుపబోయి తెచ్చికొన్న మచ్చలను లోకము సేవకు గుర్తుగా చూడలేదు. పోయిన అందమునకు గుర్తుగా చూచెను. 1694లో రెండవ మేరీ రాణి ఆ రోగముననే మరణించెను. 17, 18వ శతాబ్దుల ఆంగ్లపత్రికలలో పారిపోయిన సేవకులనుగూర్చి వేయించిన ప్రకటనలందు ముఖమున మశూచిమచ్చలు కలవని ఆనవాలు చెప్పుట పరిపాటి. కాపరి గొఱ్ఱెను గుర్తుపట్టినట్లు యజమాని సేవకుని గుర్తుపట్టెను. కాని ఈ గుర్తులో ప్రేమ లేదు. గ్రీకులు వాతపెట్టిన గుర్తుకు ‘స్టిగ్మా’ అనిరి. అది నేరస్థులకును, పారిపోయిన బానిసలకును వేసిన గుర్తు. ఆంగ్లమున ఆ మాట కేవలము అపకీర్తి యను అర్థమున స్థిరపడుట సహజమే.

మచ్చలను దాచుటకు మచ్చలనే పెట్టుకొనుట 17వ శతాబ్దిలో నాగరికమయ్యెను. నల్లపట్టును చిన్నచుక్కలుగను, చంద్రవంకలుగను కత్తిరించి ముఖమునకు అంటించుకొనుచుండిరి. వీనిని ‘పాచ్’ లనిరి. తెల్లని చర్మము ఇంకను తెల్లగా కనబడునని కొందరును, మశూచిగుంట మరుగుపడునని కొందరును వీనిని ధరించిరి. 1650లో స్త్రీలు రంగులు పూసికొనుటను, నల్లపాచ్‌లు పెట్టుకొనుటను నిషేధింపవలెనని పార్లమెంటులో ఒక బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. నౌకాశాఖలో ఉద్యోగియగు సామ్యూలు పీప్సు తన భార్య నల్లపాచ్‌లు ధరించుటను తాను తొలుత చూచిన దినమును 1660లో దినచర్యలో వ్రాసికొనెను. 1711లో అడిసను ‘స్పెక్టేటరు’ పత్రికలో రాజకీయకక్షలనుబట్టి స్త్రీలు నుదుట ఒకరు కుడిప్రక్కను, ఒకరు ఎడమప్రక్కను పాచ్‌లు పెట్టుకొనుచున్నారని పరిహసించెను. మన తల్లులు బిడ్డ చెక్కిట పెట్టు దిష్టిచుక్కకును దీనికిని ఉద్దేశము వేరు. ఒకటి చూపులను త్రిప్పుటకు, రెండవది చూపులను లాగుటకు. కాని తమ యిష్టముతో పెట్టుకొన్న చుక్కను లోకము క్షమించును, తమ యిష్టము లేక వచ్చిన చుక్కను క్షమింపదు అను సత్యమును రెండును చూపుచున్నవి.

బిడ్డకు పుట్టుకతో వచ్చిన మచ్చ విషయమున ఈ అక్షమ తల్లిపై పడెను. గర్భిణి దేనినైనను చూచి జడిసినచో, తినగోరినది దొరకకపోయినచో, ఆ వస్తువు ఆకారము శిశువు మేనిపై ముద్రపడునని యూరపున చిరకాలము నమ్మిరి. ఎఱ్ఱని ఉబ్బెత్తు మచ్చకు ‘స్ట్రాబెరీ మార్క్’ అను పేరుండుటచే, తల్లికి ఆ పండ్లపై కోరిక కలిగెనని చెప్పుకొనుటయు సులభమయ్యెను. లండనులో డానియలు టర్నరు అను వైద్యుడు 1714లో తన చర్మవ్యాధుల గ్రంథమున ఈ నమ్మకమును సమర్థించెను. జేమ్సు బ్లాండెల్ అను వైద్యుడు 1727లో దానిని ఖండించుచు ప్రత్యేకముగా ఒక పుస్తకము వ్రాసెను. గ్రహణమును చూచినందున గ్రహణపుమొఱ్ఱి వచ్చెనని నేటికిని తల్లిని దూషించు ఇండ్లు మనలో ఉన్నవి. బ్లాండెల్ చెప్పిన మాట వారికింకను చేరలేదు.

ముఖమున ఇంత నిందపాలయిన చుక్కను అదే కాలమున ఆంగ్లస్త్రీలు బట్టపై ప్రాణముగా కోరిరి. ఆ చుక్క మన సముద్రతీరములనుండి పోయినది. ఆంగ్లేయుల వర్తకసంఘమువారు 1611లో మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. అచ్చట కలముతో రంగులద్దిన నూలుబట్టలను వారు మొదట పోర్చుగీసుమాటతో ‘పింటాడో’ అనిరి. రంగులు వేసినది అని అర్థము. అదే మూలమునుండి మచ్చల గుఱ్ఱమునకు అమెరికాలో ‘పింటో’ అను పేరు వచ్చెను. పిమ్మట ‘చింట్’ అను మన దేశపుమాట నిలిచెను. చిలకరించిన చుక్క అని దాని భావము. సంస్కృతమున చిత్రమను మాట దానికి మూలము. చింట్ అనుదాని బహువచనమే వ్రాతలో మారి ‘చింట్జ్’ అయినది. మన పెద్దలు చీటిగుడ్డ అన్నదియు ఇదియే. పాచ్‌ల సంగతి వ్రాసిన పీప్సే 1663లో భార్య చదువుకొను గది గోడలకు వేయుటకై ఒక చింట్ కొనినట్లు వ్రాసెను. ఒకే యింటిలో ఒకే యిల్లాలికి చుక్క ముఖమునకును, గోడకును చేరినది. ఈ చిత్రశబ్దమునుండియే చీటా, చీతల్ అను మృగముల పేరులు కూడ హిందీద్వారా ఆంగ్లమునకు పోయినవి. చీతల్ మన చుక్కలదుప్పి.

ఈ బట్టలకై ఇంగ్లండులో కలహము పుట్టెను. ఉన్నినేతగాండ్రును, పట్టునేతగాండ్రును తమ కూడు పోవుచున్నదని మొఱపెట్టగా, 1700లో చేసిన చట్టమున అద్దకపు బట్టల దిగుమతిని, 1721లో చేసిన చట్టమున వాని ధారణమునే నిషేధించిరి. 1719లో లండను వీథులలో నేతగాండ్రు అట్టి బట్టలు ధరించిన స్త్రీలను పట్టుకొని వస్త్రములను చింపిరి, వానిపై సిరా చల్లిరి. చుక్కలబట్ట ధరించిన నేరమునకు స్త్రీమీద మరకలు వేసిరన్నమాట! బట్టను అమ్మినవాడు వర్తకుడు, లాభము తీసికొన్నది సంఘము, దెబ్బ తిన్నది కట్టుకొన్న స్త్రీ. 1774లో ఆ దేశముననే తయారైన నూలు అద్దకములకు నిషేధము తొలగెను. తరువాత యంత్రములతో చింట్జ్ చవుకయయ్యెను. చవుకయగుటతోనే ‘చింట్జీ’ అనగా అల్పాభిరుచి అని ఈసడింపు మొదలయ్యెను. ధనికులు కట్టినంతకాలము అందమైన చుక్క, పేదలు కట్టగానే మరల దోషమయ్యెను.

ముడివేసి రంగుముంచుటను హిందీలో బాంధ్నూ అందురు. అట్టి తెల్లచుక్కల పట్టురుమాళ్లు 18వ శతాబ్దిలో ‘బందానా’ అను పేర ఇంగ్లండునకు పోయినవి. పొడుము పీల్చువారికి అవి ఇష్టమయ్యెను. రంగురుమాలుపై పొడుముమరక కానరాదు గదా. ఇక నేడు బాలికల గౌనులపై కనబడు సమానమైన గుండ్రని చుక్కలకు ‘పోల్కా డాట్’ అని పేరు. పోల్కా బొహీమియా దేశపు నృత్యము. 1840 తరువాత అది పారిసు, లండను నగరములను ఊపివేయగా, అంగడివారు టోపీకిని, అంగీకిని, దేనికిపడిన దానికి పోల్కా పేరు తగిలించిరి. 1857లో అమెరికాలోని ‘గోడీస్ లేడీస్ బుక్’ అను స్త్రీల పత్రికలో చుక్కలకు ఆ పేరు కనబడును. చుక్కకును నృత్యమునకును వేరు సంబంధము లేదు. ఫ్యాషను పోయినది, నృత్యము మఱుగుపడినది, చుక్క మాత్రము ఆ పేరుతో నిలిచినది. కురుపుతలయగు డాట్ ఇట్లు నాట్యవేషము ధరించెను.

మశూచికథ ఎట్లు ముగిసెనో చెప్పనిచో ఈ వ్యాసము అసంపూర్ణమగును. 1715లో మశూచి సోకి అందమును పోగొట్టుకొన్న మేరీ వర్ట్లీ మాంటేగు అను విదుషి, భర్త రాయబారిగా పోయిన కాన్‌స్టాంటినోపిలులో పొక్కురసమును గాటుపెట్టి ఎక్కించు పద్ధతిని చూచి, 1718లో కుమారునికి అచ్చటను, 1721లో కుమార్తెకు లండనులోను చేయించెను. తన ముఖమునకు వచ్చినది బిడ్డలకు రాగూడదని ఆమె పట్టుదల. మన వంగదేశమున ఇట్టి ఆచారము కలదని హాల్‌వెల్ 1767లో లండను వైద్యులకు వ్రాసెను. దానిని చేయువారిని టీకాదారులనిరి. హిందీలో టీకా అనగా నుదుటి బొట్టునకును, ఈ గాటునకును ఒకటే మాట. 1796 మే 14వ తేదీన ఎడ్వర్డు జెన్నరు గోమశూచి రసమును ఎనిమిదేండ్ల బాలునికి ఎక్కించెను. లాటినున ఆవునకు ‘వాకా’ అని పేరు. ‘వాక్సీను’ దానినుండి పుట్టినది. మశూచి 20వ శతాబ్దిలోనే సుమారు 30 కోట్ల ప్రాణములను బలిగొన్నదని అంచనా. మన దేశమున 1975లో అది కడపటిసారి కనబడెను. 1980 మే నెలలో ప్రపంచారోగ్యసభ దాని నిర్మూలనమును ప్రకటించెను. లక్షలకొలది మచ్చలను పోగొట్టినది భుజముపై వేసిన ఒక చిన్నమచ్చ.

రోగము పోయినది, మాటలలోని రోత పోయినదా? 1975కు ముందు ఆ వ్యాధి సోకి బ్రదికిన వృద్ధులు నేటికిని మన ఇండ్లలో ఉన్నారు. పొక్కులమొగమని విన్న మాటను వారు మరువలేదు. సంబంధముల విషయమున పిల్ల చదువునకు ముందు పిల్ల చర్మమును విచారించు పెద్దలు నేటికిని కలరు. ఆవునకు ముద్దుపేరైన బొల్లి మనుష్యునకు వచ్చినప్పుడు తిట్టగుట అందరెరిగినదే. దానికి శ్వేతకుష్ఠమను పండితనామము పెట్టుటచే అన్యాయము ద్విగుణమయ్యెను. బొల్లి కుష్ఠు కాదు. అది అంటువ్యాధియు కాదు; చర్మమునకు రంగునిచ్చు కణములు నశించుటచే కలుగునది మాత్రమే. కలిసి భుజించినందువలనగాని, తాకినందువలనగాని అది రాదు. కుష్ఠువే నేడు మందులతో నయమగుచున్నది. అది విడాకులకు కారణమని వివాహచట్టములలోనున్న మాటను 2019లో మన పార్లమెంటు తొలగించెను. చట్టము తన పుస్తకమునుండి కొట్టివేసిన మాటను గృహము తన నాలుకపై ఉంచుకొనుట తగునా?

మేము భాషలోని మాటలను నిషేధింపుమనుట లేదు. డాట్ వలె కొన్ని మాటలు తమంతట శుభ్రపడును. మోల్ వలె కొన్ని చోటు మార్చుకొనును. వానిని శుభ్రపరచునది నిఘంటువు కాదు, వాడువారి మనస్సు. మనము తెలుగున పుట్టుమచ్చ అనుచున్నాము. పుట్టుకతో వచ్చిన గుర్తు అని దాని తాత్పర్యము. అందు నింద లేదు. ఆ మాటలోని న్యాయమునే తక్కిన మచ్చలకును వర్తింపజేయుడని చదువరులను, విశేషించి తల్లులను, కోరుచున్నాము. పిల్లలు తోటివారిని మచ్చపేరుతో పిలిచినప్పుడు నవ్వి ఊరకొనక దిద్దుడు. పెండ్లిమాటలలో చర్మపరీక్ష మొదలైనప్పుడు దానిని అచ్చటనే ఆపుడు. కంటిలోని రెటీనాపొరలో, స్పష్టమైన చూపునకు ఆధారమైన చిన్నభాగమునకు వైద్యులు ‘మాక్యులా’ అని పేరు పెట్టిరి. లాటినున మచ్చ అనియే దాని అర్థము. ఈ అక్షరములను చదువరులు ఇప్పుడు చదువుచున్నది ఆ మచ్చతోనే.